బెణికిందన్న మాట వెనక

పిల్లవాడు కుంటుతూ కనిపిస్తే బళ్లో ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఎక్కడ పడ్డావురా?" ఆ ప్రశ్నకు జవాబు లేని పిల్లవాడు ఆశ్రమ పాఠశాలలో ఉండడు. నిన్న కబడ్డీలో పడ్డాడు, మొన్న చింతకొమ్మ మీంచి దూకాడు, ఆదివారం వాగులో రాయి మీద జారాడు. ఏదో ఒకటి చెబుతాడు. అది వినగానే పెద్దవాళ్ల మనసు కుదుటపడుతుంది. "బెణికింది, రెండు రోజుల్లో తగ్గుతుంది" అంటారు. వార్డెన్ అంటాడు, వంట చేసే అక్క అంటుంది, ఇంటి దగ్గర అవ్వ అంటుంది. నూటికి తొంభైసార్లకు పైగా ఆ మాట నిజమే అవుతుంది. మిగిలిన ఆ కొద్దిసార్ల గురించే ఈ వ్యాసం.

మేం కోయవాళ్లం. చర్ల, దుమ్ముగూడెం వైపు ఆశ్రమ పాఠశాలల్లో పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాం. చదివింది టీటీసీ. డాక్టర్లం కాము, సూది పట్టుకోవడం కూడా రాదు. కానీ హాస్టల్ పిల్లలకు జబ్బు చేస్తే వాళ్ల పక్కన కూర్చునేది మేమే. అమ్మానాన్నలు వచ్చేదాకా ఆసుపత్రి వరండాలో పడుకునేదీ మేమే. అలా కూర్చున్న చోట డాక్టర్లను అడిగి, ఆ తర్వాత పుస్తకాలు చూసి తెలుసుకున్న సంగతులివి.

మా ఊళ్లో తాత వరసయ్యే ఒకాయన ఉండేవాడు. ఎడమ కాలు పొట్టి, మోకాలి కింద ముందువైపు ఎముక మీద ఒక రంధ్రం. ఏడాదిలో సగం రోజులు అది మూసుకుని ఉండేది. వానలు పడగానే మళ్లీ వాచి చీము కారేది. ఒకసారి ఆ రంధ్రంలోంచి అగ్గిపుల్లంత ఎముక ముక్క బయటికి వచ్చింది. ఊళ్లో కొందరు పోలియో అన్నారు, కొందరు ఎవరో చేయించారన్నారు. చేయించారన్న మాటను పక్కన పెడదాం. పోలియో కూడా కాదది. పోలియో వచ్చిన కాలు సన్నబడుతుంది, బలం తగ్గుతుంది. అంతేగాని చీము కారదు, ఎముక ముక్కలు రావు. ఆయనకు చిన్నప్పుడు ఎముకలో చీము పట్టింది. దానికి డాక్టర్లు పెట్టిన పేరు ఆస్టియోమైలైటిస్. అదే చీము కీలులో పడితే సెప్టిక్ ఆర్థరైటిస్ అంటారు. ఈ రెండు పేర్లూ నోరు తిరగకపోయినా నష్టం లేదు. ఎముకలో చీము, కీలులో చీము అనుకుంటే చాలు.

ఎముక లోపలికి చీము ఎలా వెళుతుంది? గాయం లేదు, ముల్లు గుచ్చుకోలేదు, చర్మం చెక్కు చెదరలేదు. అదే మాకు మొదట అర్థం కాలేదు. ఒక పిల్లల డాక్టర్ మాకు బొమ్మ గీసి చూపించారు. పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో, పెరుగుదల జరిగే పొరకు కాస్త ఇవతల, రక్తనాళాలు సన్నగా వంపు తిరిగి వెనక్కి వస్తాయి. అక్కడ రక్తం నడక మందగిస్తుంది. తాలిపేరు వాగు చూసినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. నీళ్లు వడిగా పోయేచోట చెత్త నిలవదు, మలుపులో నీళ్లు నెమ్మదించిన చోట ఆకులూ పుల్లలూ చేరతాయి. చర్మం మీద సెగ్గడ్డ నుంచో, గోకిన గజ్జి పుండు నుంచో, గొంతు నుంచో రక్తంలోకి దిగిన సూక్ష్మజీవి అలా ఆ వంపులో నిలిచి పెరుగుతుంది. ఎక్కువసార్లు ఆ సూక్ష్మజీవి పేరు స్టెఫిలోకాకస్ ఆరియస్, సెగ్గడ్డలు పుట్టించేది కూడా అదే. తొడ ఎముక, కాలి ఎముక, అందులోనూ మోకాలి దగ్గరి చివరలు దీనికి ఎక్కువ గురవుతాయి. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. ఐదేళ్ల లోపు పిల్లల్లో మరీ ఎక్కువ.

ఇక పడటం సంగతి. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో దాదాపు మూడింట ఒకరు అంతకుముందు ఎక్కడో దెబ్బ తగిలిందని చెబుతారని పుస్తకాల్లో ఉంది. దెబ్బ తగిలిన చోట లోపల కాస్త రక్తం గడ్డకట్టి సూక్ష్మజీవి నిలవడానికి తావు దొరుకుతుందని వివరిస్తారు. అంటే "పడ్డాను సార్" అన్న మాట అబద్ధం కాదు. సగం నిజం. అందుకే అది మరీ ప్రమాదం. పూర్తి అబద్ధమైతే ఎవరో ఒకరు పట్టేసేవారు.

ఎముక గట్టిది, లోపల చీము పెరిగితే సాగదు. అందుకే ఆ నొప్పి అంత ఘోరంగా ఉంటుంది. పిల్లవాడు మంచం కుదిపినా కేకలు పెడతాడు. చీము దారి వెతుక్కుంటూ ఎముకను కప్పి ఉండే పొర కిందికి చేరి ఆ పొరను పైకి లేపుతుంది. ఎముకకు రక్తం అందేది ఆ పొర నుంచి కూడా. లోపలి దారీ పైదారీ రెండూ తెగిపోతే ఆ భాగం చచ్చిపోతుంది. చచ్చిన ఎముక రాయితో సమానం, దానికి రక్తం వెళ్లదు కాబట్టి మందూ వెళ్లదు. మా తాత కాలిలోంచి వచ్చిన ముక్క అదే. తుంటి దగ్గర మరో చిక్కుంది. అక్కడ తొడ ఎముక మెడ భాగం కీలు సంచి లోపలే ఉంటుంది. ఎముకలో పుట్టిన చీము నేరుగా కీలులో పడుతుంది. కీలులోని మెత్తటి ఎముకను చీము కొద్ది రోజుల్లోనే తినేస్తుంది. లోపలి ఒత్తిడికి తొడ ఎముక తలకు రక్తం అందక అది కూడా పాడవవచ్చు. తుంటి కీలులో చీమును డాక్టర్లు రేపటికి వాయిదా వేయరు, రాత్రయినా తీస్తారు.

ఇద్దరు పిల్లల సంగతి చెబుతాం.

మొదటివాడు ఆరో తరగతి. దసరా సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడే పిరుదు మీద రెండు సెగ్గడ్డలున్నాయి. సెలవుల్లో పత్తి చేలో గట్టు మీంచి జారిపడ్డాడు. సాయంత్రం మోకాలి పైన నొప్పి, రాత్రి జ్వరం. మర్నాడు ఇప్పనూనె పెట్టి గట్టిగా తోమారు. మూడో రోజు వాతలు పెట్టించారు. నాలుగో రోజు ఊళ్లోకి వచ్చే ఆర్ఎంపీ సూది వేశాడు, ఒక పూట జ్వరం తగ్గింది. ఐదో రోజు ఆటో కట్టుకుని టౌనుకు తీసుకెళ్లారు. అక్కడొక ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి, "ఎముక విరగలేదు, బెణికింది" అని గుడ్డ కట్టు కట్టి నొప్పి బిళ్లలిచ్చి పంపారు. జ్వరం చూశారా అని మేం తర్వాత అడిగితే, "చూడలేదు సారూ, కాలొక్కటే చూశారు" అంది తల్లి.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. ఆ ఎక్స్‌రే తప్పు కాదు. ఎముకలో చీము పట్టాక మొదటి పది, పద్నాలుగు రోజుల వరకు ఎక్స్‌రేలో ఎముక మామూలుగానే కనిపించవచ్చు. ఎముక కరిగి, పైన కొత్త గీత కనపడటానికి అంత సమయం పడుతుంది. కాబట్టి ఐదో రోజున ఎక్స్‌రే బాగుందంటే విరగలేదని మాత్రమే అర్థం, చీము లేదని కాదు. ఈ ఒక్క వాక్యం ప్రతి ఉపాధ్యాయుడికీ తెలిసి ఉంటే బాగుండునని మాకు అనిపిస్తుంది. ఎందుకంటే ఎక్స్‌రే కాగితం చేతికి వచ్చాక మన వాళ్లు ఇంకెవరి మాటా వినరు. డబ్బు పెట్టి తీయించిన బొమ్మ కదా.

బడి తెరిచిన రోజు తండ్రి వాణ్ని భుజాల మీద మోసుకొచ్చాడు. బళ్లో ఏఎన్ఎం ఉంటుందని, మందు దొరుకుతుందని. అప్పటికి పదకొండో రోజు. మోకాలి పైన తొడ వాచి నున్నగా మెరుస్తోంది, చెయ్యి వేస్తే వేడి. జ్వరం 103. ఏఎన్ఎం చెల్లి, మేం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆ రాత్రే 108లో పంపాం. కోసి చూస్తే చాలా చీము వచ్చింది. అక్కణ్నుంచి వరంగల్ పంపారు. ఆరు నెలల తర్వాత చచ్చిన ఎముక ముక్క తీయడానికి మళ్లీ ఆపరేషన్. మధ్యలో ఒక తరగతి పోయింది. ఇప్పుడు ఇంటర్ చదువుతున్నాడు. ఒక చెప్పుకు అట్ట ఎత్తు పెట్టించుకుని నడుస్తాడు. క్రికెట్‌లో అంపైరింగ్ చేస్తాడు, వాడి నిర్ణయాల మీద గొడవలూ అవుతుంటాయి.

రెండో పిల్ల మూడో తరగతి. ఆగస్టు నెల, వాన. పొద్దున ప్రేయర్‌కు లేవలేదు. ఎక్కడా పడలేదు, పడ్డానని చెప్పనూ లేదు. వెల్లకిలా పడుకుని కుడి మోకాలు కొంచెం మడిచి, కాలు బయటికి తిప్పి కదలకుండా ఉంది. కీలులో చీము చేరినప్పుడు తుంటిని అలా పెట్టుకుంటే కాస్త ఊరట. ఆ పడుకునే తీరే ఒక గుర్తు. కాలు కొంచెం జరపబోతే ఊపిరి బిగబట్టింది. జ్వరం 102. నొప్పి మోకాలిలో అంది. తుంటి నొప్పి మోకాలిలో తెలియడం మామూలే, అందుకే పిల్లలు మోకాలు చూపిస్తే తుంటి కూడా కదిపి చూడాలని డాక్టర్లు అంటారు. ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి చేర్చాం. స్కానింగ్‌లో తుంటి కీలులో నీరు కనిపించింది, సూదితో లాగితే చీము. రాత్రి తొమ్మిదింటికి కీలు తెరిచి కడిగారు.

ఆ రోజు అక్కడి డాక్టర్ చెప్పిన లెక్క మేం మర్చిపోలేదు. పిల్లల్లో వైరస్ జ్వరం తర్వాత తుంటి నొప్పి వచ్చి దానంతటదే తగ్గిపోయేది ఒకటుంది. దాన్నీ చీమునూ వేరు చేయడానికి నాలుగు చూస్తారట. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్ దాటడం, అంటే మన థర్మామీటర్‌లో 101 పైన. పిల్ల కాలు నేల మీద మోపలేకపోవడం. రక్త పరీక్షలో ఈఎస్ఆర్ 40 దాటడం. తెల్లకణాలు 12,000 దాటడం. ఇవి ఎన్ని ఎక్కువుంటే చీము అనుమానం అంత బలపడుతుంది. అన్నీ లేకపోయినా చీము ఉండకూడదనేం లేదు. అది తేల్చేది డాక్టరే. మాకు తట్టింది వేరే సంగతి. నాలుగింటిలో రెండిటికి ల్యాబ్ అక్కర్లేదు. థర్మామీటర్, రెండు కళ్లు చాలు. అవి రెండూ ఆసుపత్రి కంటే ముందు మన దగ్గరే ఉన్నాయి. బెణుకుకు జ్వరం రాదు. కాలు మోపలేని పిల్లకు జ్వరం కూడా ఉంటే దాన్ని బెణుకు అనే హక్కు ఎవరికీ లేదు.

చంటిపిల్లల్లో ఇంకా కష్టం. వాళ్లకు జ్వరం కూడా గట్టిగా రాకపోవచ్చు. ఒక చెయ్యో కాలో కదపడం మానేస్తారు, పక్షవాతంలా ఉంటుంది. ఎత్తుకున్నా, గుడ్డ మార్చినా ఏడుస్తారు, పాలు మానేస్తారు. మన యువతలో కొందరు అంగన్‌వాడీల్లో, ఆశాలుగా పనిచేస్తున్నారు కాబట్టి ఇది వాళ్ల కోసం.

ఆసుపత్రిలో ఏం చేస్తారో ముందే తెలిస్తే తల్లిదండ్రులకు భయం తగ్గుతుంది. రక్తం తీస్తారు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ చూస్తారు. సీఆర్‌పీ త్వరగా పెరిగి త్వరగా తగ్గుతుంది, అందుకే మందు పనిచేస్తోందా అని దాంతో కొలుస్తారు. వీలైతే మందు మొదలుపెట్టే ముందే రక్తంలోంచి, చీములోంచి కల్చర్‌కు పంపుతారు, ఏ సూక్ష్మజీవో, ఏ మందుకు లొంగుతుందో తెలియడానికి. మధ్యలో ఎవరో వేసిన సగం సగం యాంటీబయాటిక్ ఈ కల్చర్‌ను చెడగొడుతుంది. సూక్ష్మజీవి చావదు, దొరకదు. ఎక్స్‌రేలో కనపడని తొలి రోజుల చీమును ఎంఆర్ఐ పట్టిస్తుంది, అది పెద్ద ఊళ్లలోనే ఉంటుంది. అయినా అనుమానం బలంగా ఉంటే ఎంఆర్ఐ కోసం మందు ఆపి కూర్చోరు.

మందు మొదట నరంలోకి ఎక్కిస్తారు. ఒకప్పుడు వారాల తరబడి సూదులే వేసేవారు. ఇప్పుడు జ్వరం దిగి, సీఆర్‌పీ తగ్గుతుంటే కొద్ది రోజుల్లోనే బిళ్లలకు మారుస్తున్నారు. ముందుగా పట్టుకున్న జబ్బుకు, కీలైతే రెండు మూడు వారాలు, ఎముకైతే మూడు నాలుగు వారాలు మొత్తం. ఆలస్యమైతే, మొండి సూక్ష్మజీవి అయితే, చంటిపిల్ల అయితే ఇంకా ఎక్కువ. ఎముక చచ్చిపోయాక ఈ లెక్కలేవీ పనిచేయవు, నెలలూ ఏళ్లూ అవుతుంది.

మూడో రోజు ఆ పిల్లకు జ్వరం దిగింది. తల్లి మూట సర్దుకుంది. "నాట్లు పడుతున్నాయి సారూ, ఇంటి దగ్గర చిన్నోడున్నాడు. దీనికి తగ్గింది కదా" అంది. ఆమెను తప్పుపట్టడం మాకు చేతకాలేదు. వాన ఆగేలోపు నాటు పడకపోతే ఆ ఏడాది గింజలు లేవు. ఆసుపత్రి గోడల మీద రాసిన నీతివాక్యాలకు ఈ సంగతి తెలియదు. ఆమె అన్నకు ఫోన్ చేశాం. పిల్లకు మేనమామ. అతను ఇద్దరు మనుషుల్ని తీసుకుని వచ్చి నాట్లు వేశాడు, చిన్నోణ్ని వాళ్లింటికి తీసుకెళ్లాడు. తల్లి పది రోజులు ఉండగలిగింది. ఆ పిల్ల ఇప్పుడు పరుగెత్తుతోంది. దాన్ని నిలబెట్టిన మందుల్లో ఆ మేనమామ నాటిన మడి కూడా ఒకటని మేం లెక్కేస్తాం.

మిగిలిన బిళ్లలు బళ్లో వేశాం. రోజుకు నాలుగుసార్లు. ఇంటి దగ్గర నాలుగుసార్లు గుర్తుపెట్టుకోవడం కష్టమే గాని, హాస్టల్‌లో గంటలు కొడతారు కదా. పొద్దున లేపే గంటకొకటి, మధ్యాహ్నం అన్నం గంటకొకటి, సాయంత్రం ఆటలయ్యాక ఒకటి, రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఒకటి. ప్రతిసారీ కాగితం మీద టిక్కు పెట్టింది దాని స్నేహితురాలు. ఒక్క బిళ్ల తప్పలేదు.

సికిల్‌సెల్ ఉన్న పిల్లల సంగతి విడిగా చెప్పాలి. ఈ జబ్బు మన దేశంలో ఉందని 1952లో నీలగిరి కొండల ఆదివాసుల్లో మొదట గుర్తించారు. మన కోయల్లో, గోండుల్లో కూడా ఉంది. ఆ పిల్లలకు వచ్చే ఒళ్లునొప్పులు రక్తనాళాలు మూసుకుపోయి ఎముకలకు రక్తం అందక వచ్చేవి. నొప్పి, వాపు, కాస్త జ్వరం అన్నీ ఉంటాయి. అచ్చం ఎముకలో చీము పట్టినట్టే. పైగా నిజంగా చీము పట్టే అవకాశమూ వాళ్లకు ఎక్కువే. వాళ్లలో సాల్మొనెల్లా అనే మరో సూక్ష్మజీవి కూడా ఎముకల్లో చేరుతుంది, దానికి మందు వేరు. ఏది నొప్పో ఏది చీమో పెద్ద డాక్టర్లకే ఒక్కోసారి కష్టమవుతుంది. కాబట్టి "వాడికి ఎప్పుడూ ఉండేదేలే" అనుకోకూడదు. ఎప్పటి నొప్పిలా లేదని, ఒక్కచోటే ఉందని, జ్వరం దిగడం లేదని పిల్లవాడు అంటే నమ్మాలి. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్‌లో 40 ఏళ్ల లోపు వారికి పరీక్షలు చేస్తున్నారు. ఆ ఫలితం ఆసుపత్రి చీటీ మీద ఉంటే డాక్టర్ ఆలోచన మొదటి గంటలోనే మారుతుంది.

క్షయ కూడా ఎముకల్లోకి, కీళ్లలోకి వస్తుంది. దాని నడక వేరు. నెలల తరబడి మెల్లగా వాపు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, నిద్రలో ఉలిక్కిపడి ఏడవడం, వీపు మీద గూని. పరుగెత్తుకు వెళ్లాల్సిన జబ్బు కాదు గాని వదిలేసే జబ్బూ కాదు.

మన వడ్డెలను, నాటు వైద్యులను తిట్టే వ్యాసాలు చాలా వచ్చాయి. మేం తిట్టదలచుకోలేదు. విరిగిన చేతికి వెదురు బద్దలు కట్టి నిలబెట్టినవాళ్లను మా కళ్లతో చూశాం. వాళ్లలో ఒక ముసలాయనతో కూర్చుని మాట్లాడాం. "వేడిగా ఉన్న కాలిని తోమితే ఏమవుతుంది మామా?" అని అడిగితే, "సెగ్గడ్డను పిసికితే ఏమవుతుంది?" అని ఎదురడిగాడు. ఆయనకు తెలుసు. ఆ తర్వాత జ్వరంతో కుంటే పిల్లల్ని ఆయనే బడికి పంపుతున్నాడు. తోముడు, వాతలు, కాపడం ఈ మూడూ ఆగితే చాలు, మిగతా గౌరవం ఆయనకు ఉండాల్సిందే.

గజ్జి, సెగ్గడ్డల మీద కూడా బళ్లలో కాస్త పట్టుదల కావాలి. ముప్పైమంది ఒకే గదిలో పడుకుంటే గజ్జి ఒకడికి మందు రాస్తే పోదు, గదంతా ఒకే రోజు రాయాలి, దుప్పట్లు ఉతకాలి. గోళ్లు, సబ్బు, ఎవరి తువ్వాలు వాళ్లకు. చిన్న పనులే గాని ఎముక దాకా వెళ్లే దారి అక్కడే మొదలవుతుంది.

ఇక భాష. ఆసుపత్రిలో డాక్టర్ అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని రోజుల నుంచి?" ఈ జబ్బులో సగం నిర్ధారణ ఆ జవాబులోనే ఉంది. మన తల్లులు కొందరికి కోయ తప్ప రాదు. రోజులను సంతతోనో, పండుగతోనో లెక్కపెడతారు. "కొత్తల పండుగ అయిన రెండో సంతకు" అంటే డాక్టర్‌కు ఏమి తెలుస్తుంది? మొదటి పిల్లవాడి తల్లి టౌనులో ఆ ప్రశ్నకు తల ఊపిందంతే. అందుకని పిల్లల్ని పంపేటప్పుడు మేం ఒక కాగితం రాసి అంగీ జేబులో పెడుతున్నాం. జ్వరం ఏ తేదీన మొదలైంది, ఎంత వచ్చింది. కాలు మోపుతున్నాడా లేదా. పడ్డాడా, పడితే ఎప్పుడు. ఒంటి మీద పుండ్లున్నాయా. ఏ సూది, ఏ బిళ్ల ఎన్నిసార్లు పడింది, ఖాళీ బిళ్లల అట్ట ఉంటే దానికే పిన్ను కొడతాం. సికిల్‌సెల్ పరీక్ష ఏమైంది. నొప్పి ఉన్న కాలిని దుప్పటి మడిచి ఆసరా పెట్టి కదలకుండా పంపుతాం, వాగు పొంగితే మంచం మీద మోసినా సరే.

కాగితం చివర మా ఫోన్ నంబరు ఉంటుంది. మొన్న వానల్లో ఒక డాక్టరమ్మ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసింది. "ఇంకొక్కటి రాయాల్సింది సార్, మత్తు ఇవ్వాలి, బాబు చివరిసారి అన్నం ఎప్పుడు తిన్నాడు?" హాస్టల్‌లో రాత్రి అన్నం గంట ఏడింటికి. వాడు ఆ పూట తినలేదని, మధ్యాహ్నం రెండు ముద్దలే తిన్నాడని వంట చేసే అక్క చెప్పింది. అదే చెప్పాం. ఇప్పుడు కాగితంలో ఆ గడి కూడా ఉంది.